ఆరు ముళ్ళ గిన్నె

జ్ఞానప్రకాశం సార్ పోయారని రేపల్లె నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేనడిగిన మొదటి మాట, "ఖాయమేనా?" అని. ఫోన్ చేసిన మా పిన్ని అది దుఃఖంలో వచ్చిన ప్రశ్న అనుకుంది. "అవునమ్మా, నిన్న పొద్దున్నే. నిద్రలోనే పోయారంట, ఏ బాధా పడలా" అని ఓదార్పుగా చెప్పింది. ఆ ఏ బాధా పడకపోవడమే నన్ను బాధపెట్టింది. ఇరవై ఏళ్ళుగా మనసులో ఆయన కోసం నేను రకరకాల ముగింపులు రాసి పెట్టుకున్నాను, వాటిలో ఇంత సుఖమైనది ఒక్కటీ లేదు. రచయిత్రినన్న పేరే గాని, నా మాట వినే పాత్ర ఇంతవరకు ఒక్కటీ తగల్లేదు. పిన్నితో "వస్తున్నా" అని చెప్పి, తెనాలిలో మా ఇంటి అటక ఎక్కి, పాత చీరల మూటలోంచి ఒక స్టీలు గిన్నె తీశాను. మూత ఉన్న గిన్నె. అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు ఇంకా చెక్కుచెదరలేదు: ఎం. జ్ఞానప్రకాశం, బి.ఏ., బి.ఎడ్. గిన్నెకు కూడా డిగ్రీలున్నాయి. మా అమ్మమ్మకు లేవు.

అమ్మమ్మ పేరు కరుణమ్మ. రేపల్లెలో స్టేషన్‌కు నడిచి వెళ్ళేంత దూరంలో రెండు గదుల పెంకుటిల్లు, ముందు వసారా. నేను బాపట్లలో హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో, రెండు రోజులు సెలవు దొరికితే తెనాలిలో అమ్మానాన్నల దగ్గర ఒక పూట ఆగి, మిగతా పూటలన్నీ అమ్మమ్మ దగ్గరే ఉండేదాన్ని. తెనాలిలో రేపల్లె ప్యాసింజర్ ఎక్కితే వేమూరు, భట్టిప్రోలు దాటాక నా ముక్కు ముందు దిగేది, నేను వెనకాల దిగేదాన్ని. ఎందుకంటే వర్షాలు తగ్గినప్పటి నుంచి ఎండలు ముదిరేదాకా ఆ ఇంట్లో ఏదో ఒక రోజు లేహ్యం వండుతూనే ఉండేది. పెన్నేరు గడ్డలు ఆవుపాలలో ఉడుకుతుంటే మట్టీ పాలూ కలిసి కాగినట్టుండే ఒక వాసన. ఆ గడ్డనే ఇప్పుడందరూ అశ్వగంధ అంటున్నారు. వాటిని ఎండబెట్టి, దంచి, పల్చటి గుడ్డలో వస్త్రకాయం పట్టి, తాటిబెల్లం పాకంలో కలుపుతున్నప్పుడు ఇంకో వాసన. శొంఠీ పిప్పళ్ళూ పడగానే తుమ్ములు. అమ్మమ్మ పాకం చుక్కను నీళ్ళ చెంబులో వేసి, అది కరగకుండా అడుగుకు దిగితే "కూర్చుంది" అనేది. నెయ్యి పోసి, దించి, పూర్తిగా చల్లారాకే తేనె కలిపేది. బాలింతలకు మాత్రం పెన్నేరు వేయకుండా, శతావరి అనే పిల్లిపీచర గడ్డలు తొక్క తీసి, మధ్యలో ఈనె లాగేసి, వాటితో వేరే పొయ్యి మీద వండేది. ఆ ఈనెలు లాగే ఉద్యోగం నాది. అంత చదువు చదివి నేను సంపూర్ణంగా నేర్చుకున్న విద్య అదొక్కటే.

లేహ్యం కావాలని వచ్చేవాళ్ళకు మాత్రం అది అంత తేలిగ్గా దొరికేది కాదు. వసారాలో ముక్కాలి పీట మీద కూర్చోబెట్టి అమ్మమ్మ ప్రశ్నలు మొదలుపెట్టేది. "షుగరుందా? బీపీ మాత్రలేమన్నా మింగుతున్నావా? థైరాయిడ్ అంటన్నారే, అది చూపించుకున్నావా? నెల తప్పావా? జ్వరమొచ్చి తగ్గి ఎన్నాళ్ళయింది?" కడుపుతో ఉన్నవాళ్ళను పెన్నేరు గడ్డ ఛాయకైనా రానిచ్చేది కాదు. మాత్రలు వాడేవాళ్ళను "ముందు మీ డాక్టరు గారినడిగి రా నాయనా, ఆయన సరేనంటే నేనూ సరే" అని పంపేసేది. ఒంట్లో సత్తువ లేదని వచ్చినవాళ్ళలో సగం మందికి లేహ్యం ఇవ్వకుండానే, "నువ్వు పొద్దున పూట ఏం తింటన్నావో చెప్పు" అని అడిగి, గుడ్డూ గుప్పెడు వేరుశనక్కాయలూ తినమని చెప్పి లేపేది. ఇచ్చినవాళ్ళకు కూడా ఉసిరికాయంత, పొద్దున్నే, పాలతో. మూడు రోజులు తిని, నాలుగో రోజు వచ్చి కనబడాలి. కడుపులో తేడా చేసినా, నిద్ర మత్తుగా ఉన్నా ఆపేయాలి.

ఎవరి గిన్నె వాళ్ళు తెచ్చుకోవాలన్నది ఆ ఇంటి పద్ధతి. అమ్మమ్మకు చదువు రాదు, చీటీ రాసి ఇవ్వలేదు. అందుకని గిన్నె మెడకు నల్లదారం కట్టి, దానికి ముళ్ళు వేసేది. ఎన్ని ముళ్ళుంటే అన్ని వారాలు. వారానికో ముడి విప్పుకుంటూ పోవాలి, ముళ్ళైపోతే లేహ్యం ఆపాలి. గిన్నె కడిగి దారంతో సహా తిరిగి తేవాలి. దారం చూసి ఆమె తిన్నవాళ్ళ గుట్టంతా చెప్పేది. "రెండు ముళ్ళుండగానే గిన్నె ఊడ్చావే, పిల్లలు గానీ నాకారా?" అని నిలదీసేది. అయితే మా జనం సామాన్యులు కారు. గిన్నెలో ఉన్న లేహ్యం కంటే గిన్నెకున్న దారంలోనే బలముందని కొందరు కనిపెట్టారు. దారం విప్పి పిల్లల మొలకు కట్టేవాళ్ళు, దండచేతికి కట్టుకునేవాళ్ళు. "అది లెక్కరా సన్నాసీ, తాయెత్తు కాదు" అని అమ్మమ్మ ఎంత మొత్తుకున్నా, "అట్టాగే మామ్మా" అని తలూపి, వీధి మలుపు తిరగ్గానే కట్టేసుకునేవాళ్ళు.

జ్ఞానప్రకాశం సార్ రిటైరైన హైస్కూలు మాస్టారు, మా చర్చి సంఘ పెద్ద. ఆదివారం గుడిలో వాక్యం చదివేది ఆయనే, తాయెత్తులూ తావీజులూ కట్టుకునే విశ్వాసుల మీద ప్రత్యేకంగా మండిపడేది కూడా ఆయనే. వాళ్ళింట్లో ఆయన పేరు కొట్టించని గిన్నె లేదు, గరిటె లేదు. ఒకరోజు స్వయంగా మా వసారాలోకి వచ్చి లేహ్యం అడిగారు. అమ్మమ్మ నిలబడే, చేతులు కట్టుకునే, అందరినీ అడిగిందే అడిగింది. "షుగరుందా సార్?" పక్కన ఇంకో నలుగురు ఆడవాళ్ళున్నారు. ఆయన మొహం మాడిపోయింది. "ప్రశ్నపత్రాలు తయారుచేసినవాణ్ణి కరుణమ్మా, నన్ను ప్రశ్నలడుగుతున్నావా?" అన్నారు. "అడక్కుండా ఇయ్యనండి. తాటిబెల్లమండి, మీకు పడదండి" అంది అమ్మమ్మ. ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయారు. ఆ ప్రశ్నపత్రానికి ఆయన జవాబు తర్వాత రాశారు, మా అమ్మమ్మ మీద.

కొన్ని నెలలకు సార్ కోడలు సునీతక్క ప్రసవించింది. నిజాంపట్నం పిల్ల, చేపల వేలం పాటల మధ్య పెరిగిన పిల్ల. "మా ఇంట్లోకొచ్చి రెండేళ్ళయినా ఇంకా హార్బరు వాసన పోలేదు" అని సార్ నలుగురిలో నవ్వుతూ అనేవారు. భర్త ఉద్యోగం ఎక్కడో దూరంలో. సునీతక్క పేరు మీద సార్ ఇంటి నుంచి గిన్నె వచ్చింది. అమ్మమ్మ బాలింత లేహ్యం నింపి, ఆరు ముళ్ళు వేసి పంపింది. మూడు ముళ్ళతో ఆ ఇంటికి వచ్చిన పిల్లకు ఈ ఆరు ముళ్ళతోనైనా కాస్త ఓపిక వస్తుందని మేమనుకున్నాం.

ఆ తర్వాత రెండో ఆదివారం, వాక్యం చదువుతూ చదువుతూ సార్ వేదిక మీదే కుప్పకూలారు. నేను దసరా సెలవులకు వచ్చి ఉన్నాను, ఆడవాళ్ళ వైపు మూడో వరుసలో కూర్చుని కళ్ళారా చూశాను. గాలి ఆడాలని ఎవరో చొక్కా విప్పారు. దండకు నల్లదారం, ఆరు ముళ్ళు. గుడంతా ఒక్కసారి గుసగుసలాడింది. ఆసుపత్రిలో షుగరు విపరీతంగా పెరిగిందని, మాత్రలు మానేసి వారం దాటిందని తేల్చారు. సార్ వారంలో కోలుకున్నారు. కోలుకుని చెప్పిన మొదటి సంగతి, ఆ దారం తనకు తెలియకుండా కరుణమ్మే కట్టించిందనీ, లేహ్యం పేరుతో ఆమె మంత్రం పెడుతోందనీ. ఆరు ముళ్ళ దారం దండకు ఎవరైనా తెలియకుండా కట్టగలరా అని అడిగినవాళ్ళు లేరు. బి.ఎడ్. చదివిన మనిషి చెప్పాడు కదా.

ఆరాధన తర్వాత పెద్దలు అమ్మమ్మను నిలబెట్టి అడిగారు. నేను ఆమె వెనకే ఉన్నాను.

"దారానికి ముళ్ళు వేసి ఇవ్వడం నిజమేనా కరుణమ్మా?"

"నిజమేనండి. లెక్క కోసమండి. నాకు రాతకోతలు రావు గదండీ."

"మరి అది సార్ చేతికెట్టా వచ్చింది?"

అమ్మమ్మ నేల చూపులు చూసింది. ఆమె అలా చూడటం నేనెప్పుడూ చూడలేదు. "చెప్పమ్మమ్మా" అని నేను వెనక నుంచి పొడిచాను. ఆమె చెప్పలేదు. ఆ మౌనాన్ని వాళ్ళు నేరంగా రాసుకున్నారు. క్షమాపణ చెప్పేదాకా కరుణమ్మకు ప్రభువు బల్లలో, అంటే ఆరాధనలో పంచే రొట్టెలో, ద్రాక్షరసంలో, పాలు లేదన్నారు. ఆమె చెప్పదు, వాళ్ళు ఇవ్వరు. ఆ రోజు నుంచి ప్రభువు బల్ల దూరమై, వెనక వరుసలో చెక్క బల్ల మిగిలింది. అందరూ లేచి ముందుకు వెళ్ళి మోకరిస్తుంటే మా అమ్మమ్మ ఒక్కతే, కొంగు సర్దుకుంటూ, ఆ బల్ల మీద. నలభై ఏళ్ళు ఆ గుడి ఊడ్చిన మనిషి.

నాకు పద్దెనిమిదేళ్ళు. న్యాయం ఆలస్యమైతే చేత్తోనే చేసేయాలనిపించే వయసు. బాపట్ల పొలాల కంచెల మీద చలికాలంలో దూలగొండి కాయలు కాస్తాయి. వాటి గింజలు శుద్ధి చేస్తే బలానికి మందు, వాటి పైన ఉండే నూగు ఒంటికి తగిలితే మనిషికి పిచ్చెక్కేంత దురద. క్రిస్మస్ ఆరాధనలో సార్ కూర్చునే కుర్చీ మీద ఆ నూగు చల్లాలని నా పథకం. పుల్లతో గీకి, కాగితంలో పొట్లం కట్టి, చున్నీ కొసకు ముడేసుకుని బయల్దేరాను. ముడి వేయడం మా వంశంలో అమ్మమ్మతోనే ఆగిపోయిందని వేమూరు దాటాక తెలిసింది. పొట్లం విడిపోయి, చున్నీ మెడకు చుట్టుకుని ఉంది.

"ఏంటమ్మాయ్, ఒళ్ళంతా అట్టా గోక్కుంటన్నావ్, తట్టు గానీ పోసిందా ఏంటి?" అని ఎదురు సీటు ఆవిడ తన పిల్లను లాక్కుంది. "కాదండీ, దూలగొండి" అన్నాను. "అదెట్టా తగిలింది?" "నేనే తెచ్చుకున్నానండి." ఆ సమాధానంతో నా తెలివి మీద ఆవిడకు స్పష్టమైన అభిప్రాయం ఏర్పడి, బెంచీ అంతా నాకే వదిలేసి అవతలికి వెళ్ళిపోయింది. సీటంతా నాదే, ఒళ్ళు మాత్రం నాది కాదు.

అమ్మమ్మ నన్ను చూసి ఏమీ అడగకుండా దొడ్లో కూర్చోబెట్టి మెడకూ చేతులకూ పేడ పట్టించింది. అది ఆరేదాకా కదలొద్దని ఎదురుగా పీటేసుకుని కూర్చుని అప్పుడడిగింది. "ఎవరి కోసం తెచ్చావే?"

"సార్ కుర్చీ కోసం."

నవ్వింది. కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆ దసరా తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు. తర్వాత లోపలికి వెళ్ళి, బియ్యం డబ్బాలోంచి ఈ గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. పేరు చదివాను.

"సునీతకని తెచ్చిన గిన్నె. తొమ్మిదో రోజుకే మళ్ళీ నింపమని పిల్లనెత్తుకుని అదే వచ్చింది. దారమేదే అంటే ఏడ్చింది. దాని నోట్లోకి ఒక్క ఉండ కూడా పోలా. మొత్తం ఆయనే తిన్నాడు. బలమొచ్చిందని మాత్రలు మానేశాడు. దారం పీకి దండకు కట్టుకున్నాడు. మాత్రలు మానొద్దని చెప్పమని దానితోనే కబురు పెట్టా, ఇంటాడా?"

నేను దురద మరిచిపోయాను. "ఇది పట్టుకెళ్ళి చూపిస్తే సరిపోయేది గదా! పేరు కొట్టి ఉంది గదా! ఎందుకు చెప్పలేదు?"

"చెప్పిందెవరని అడుగుతారు గదా. చంటిపిల్లతో దాన్ని నిజాంపట్నం బస్సెక్కించేస్తారు. చెప్పొద్దని నా చేతులు పట్టుకుంది." నా చేతిలో గిన్నె పెట్టి అమ్మమ్మ ఒట్టేయించుకుంది. "ఆ పిల్ల నోరు తెరిచేదాకా నువ్వు తెరవబాకు." పేడ పూసిన మెడతో ఒట్టేశాను. అంతకంటే పవిత్రంగా నేనే ఒట్టూ వేయలేదు. గిన్నెను మాత్రం ఆమె సార్ ఇంటికి తిరిగి పంపలేదు. ఆ తొమ్మిదో రోజు నుంచి సునీతక్క రోజూ గుడికని బయల్దేరి, మా వంటింట్లో కూర్చుని అమ్మమ్మ చేతి ముద్ద తిని, మూతి కడుక్కుని వెళ్ళేది. నలభై రోజులూ.

ఆ తర్వాత మూడేళ్ళకు అమ్మమ్మ పోయింది. బల్ల లేకుండానే పోయింది. సమాధుల దొడ్లో ప్రార్థనకు లేచి నిలబడ్డది ఎవరనుకున్నారు? జ్ఞానప్రకాశం సారే. చేతిలో పుస్తకం మూసి, నా వైపు చూస్తూ, "పొరపాట్లు ఉన్నా మంచి మనిషి" అన్నారు. జనం ఆయన పెద్ద మనసుకు తలలూపారు. ఆ నాలుగు మాటలు నేను ఇరవై ఏళ్ళు మోశాను. పెళ్ళిలో, పురిట్లో, పుస్తకాల ఆవిష్కరణల్లో కూడా. క్షమించమని నాకు చెప్పినవాళ్ళున్నారు. వాళ్ళనూ గుర్తుపెట్టుకున్నాను.

ఇప్పుడు పెన్నేరు గడ్డకు ఎక్కడలేని వైభవం వచ్చింది. ఫోన్ తెరిస్తే చాలు, కండలు తిరిగిన కుర్రాళ్ళు గోళీల సీసా పట్టుకుని నన్ను పేరు పెట్టి పలకరిస్తున్నారు. నలభై దాటిన నీరసంతో నేనూ ఒకటి తెప్పించుకున్నాను. సీసా మీద పులి దూకుతోంది, పులి బలం నా దాకా రాలేదు గాని మధ్యాహ్నం నిద్ర మాత్రం బాగా వచ్చింది. ఎవరు వాడకూడదో, ఎన్నాళ్ళు వాడాలో అడుగున చీమ కాళ్ళంత అక్షరాల్లో రాశారు. కళ్ళజోడు పెట్టుకుని, దీపం కిందకు తీసుకెళ్ళి చదివితే అన్నీ అమ్మమ్మ ప్రశ్నలే. చదువు రాని మనిషి వేసిన ముడి గుడ్డివాడి చేతికి కూడా తగిలేది. చదువుకున్నవాళ్ళు రాసిన హెచ్చరిక కళ్ళున్నవాళ్ళకు కూడా కనబడటం లేదు. నాకున్న థైరాయిడ్ సంగతి నన్ను ఏ పులీ అడగలేదు. డాక్టరును అడిగితే మానేయమన్నాడు, మానేశాను.

మూడో రోజు ఆదరణ కూడికకు గిన్నెను సంచీలో పెట్టుకుని రేపల్లె వెళ్ళాను. సార్ ఇంటి ముందు షామియానా, దండ వేసిన ఫోటో. ఒకరి తర్వాత ఒకరు లేచి ఆయన క్రమశిక్షణ గురించి, విశ్వాసం గురించి చెప్పారు. ఫోటో పక్కన సునీతక్క తెల్ల చీరలో కూర్చుని ఉంది, తలలో నెరుపు వచ్చేసింది. "మన ఊరి రచయిత్రి గారు రెండు మాటలు చెబుతారు" అని పాస్టరు గారు నన్ను పిలిచారు. లేచాను. ఒట్టు గుర్తొచ్చింది. సంచీలో చెయ్యి గిన్నె మీదే ఉంది. సునీతక్క వైపు చూశాను, ఆమె నా సంచీ వైపు చూస్తోంది. "పొరపాట్లు ఉన్నా మంచి మనిషి" అన్నాను. అని కూర్చున్నాను. పాత తరం వాళ్ళు నలుగురైదుగురు తలెత్తారు. ఇరవై ఏళ్ళ పగకు నాలుగే మాటలు, అవి కూడా అరువు తెచ్చుకున్నవి. నా మీద నాకే అసహ్యం వేసింది.

భోజనాల బల్లలు వేస్తుంటే సునీతక్క వచ్చి నా చెయ్యి పట్టుకుని వంటల దగ్గరికి తీసుకెళ్ళింది.

"మామ్మగారి దగ్గర ఉండిపోయింది, ఆ గిన్నె ఉందా ఇంకా?"

తీసి ఇచ్చాను. మూత తెరిచి వాసన చూసింది. ఇరవై ఏళ్ళకు వాసన ఏముంటుంది? అయినా చాలాసేపు చూసింది. తర్వాత కొళాయి కింద కడిగి, పెరుగు బేసిన్లో ముంచి నింపి, గరిటె వేసుకుని షామియానా కిందికి నడిచింది. మొదటి వరుసలో సంఘ పెద్దలు, ఆ రోజు అమ్మమ్మను నిలబెట్టి అడిగినవాళ్ళలో మిగిలిన ఇద్దరు. పేరు వాళ్ళ వైపు ఉండేలా పట్టుకుని వడ్డించడం మొదలుపెట్టింది. ఒకాయన చదివాడు.

"సార్ గిన్నె లాగుందే! పాతదా ఏంటమ్మా?"

"అవునండి. కరుణమ్మ గారింట్లో ఉండిపోయిందండి. నా బాలింత లేహ్యం గిన్నె. నలభై రోజులకని ఇస్తే మా మామయ్య గారు తొమ్మిది రోజుల్లో తినేశారండి. దీని దారమే ఆయన దండకు కట్టుకుంది. ఆవిడ కట్టలేదండి, ఆయనే కట్టుకున్నారు. నా కోసమని ఆవిడ చెప్పలేదు." గొంతు పెంచలేదు, తగ్గించలేదు. వరుసలో ఒక్క చెయ్యీ ముద్ద కలపడం లేదు. "పెరుగు వెయ్యనాండి?"

ఆయన విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టబోయి, పెట్టలేక తీసేశాడు. సునీతక్క వేసింది. పక్కాయనకు అదే మాట మొదటి నుంచి చెప్పి వేసింది. ఆ పక్కాయనకూ చెప్పింది. అలా వరుసంతా చెప్పుకుంటూ, వడ్డించుకుంటూ, ఖాళీ అయినప్పుడల్లా వెళ్ళి నింపుకుని వస్తూ చివర కూర్చున్న నా దాకా వచ్చింది.

నేను రెండుసార్లు వేయించుకున్నాను.